జపాన్ కెయ్ ట్రక్కులో ఇంజిన్ లైటు వెలిగిందా? స్కానర్ పక్కన పెట్టి వైరు ముక్క తీసుకోండి

డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల ఊరి బయట కాస్త జాగా కొనుక్కుని బెండ, గోంగూర, సొర పాదులు వేసుకున్న మనవాళ్ళ దగ్గర ఈ మధ్య జపాన్ కెయ్ ట్రక్కులు కనిపిస్తున్నాయి. హోండా యాక్టీ, సుజుకీ క్యారీ, దైహత్సు హైజెట్, సుబారు సాంబార్ (అవును, పేరు అదే). 660 సీసీ దాటని ఇంజిను, స్టీరింగ్ కుడివైపు, వెనక ఎరువు బస్తాలు, మట్టి వేసుకోవడానికి బల్లపరుపు తొట్టి. తయారై 25 ఏళ్ళు నిండిన బండిని ఇక్కడి సేఫ్టీ ప్రమాణాలతో పని లేకుండా అమెరికాలోకి దింపుకోవచ్చు కాబట్టి వచ్చేవన్నీ తొంభైల నాటివో, 2000 చుట్టుపక్కలవో. టెక్సాస్‌లో 2024 నుంచి వీటికి రిజిస్ట్రేషన్ కూడా దొరుకుతోంది. కొనేదాకా అందరికీ సంబరమే. కొన్నాక ఏదో ఒక రోజు స్పీడోమీటర్ పక్కన పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది, అక్కడి నుంచి టెన్షన్ మొదలు.

మామూలుగా జరిగేది ఏమిటంటే, ఇంట్లో టొయోటా క్యామ్రీకి వాడే చిన్న స్కానర్ తెచ్చి డాష్‌బోర్డు కింద వెతుకుతారు. తొంభైల నాటి బండైతే అది పట్టే సాకెట్టే ఉండదు. కొన్నిట్లో అచ్చం అలాంటి 16 పిన్నుల సాకెట్టే ఉంటుంది గానీ, పెడితే "లింక్ కాలేదు" అని తప్ప ఇంకేమీ రాదు. అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారుకీ తప్పనిసరి చేసిన, ఏ స్కానర్‌తోనైనా లోపాలు చదవగలిగే ఓబీడీ2 పద్ధతి జపాన్‌లో అమ్ముకోవడానికి చేసిన ఈ బండ్లకి వర్తించలేదు, అందుకని ఒక్కో కంపెనీది ఒక్కో భాష. ఆటోజోన్ లాంటి షాపుల్లో ఫ్రీగా కోడ్ (ఇంజిన్ కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపం నంబరు) చదివిపెట్టే కుర్రాడు కూడా ఇక్కడ చేతులెత్తేస్తాడు. ఇక చేసేది లేక ఎవరో చెప్పారని ఆక్సిజన్ సెన్సార్ తెప్పించి బిగిస్తారు, లైటు అలాగే వెలుగుతూ ఉంటుంది, ఇంకో సెన్సార్ తెప్పిస్తారు. ఈ డబ్బంతా దండగ. ఈ బండ్లలో కోడ్ చదవడానికి జానెడు వైరు ముక్క, కోడ్ సంగతి తేల్చడానికి ఓ మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు.

ముందు ఆ లైటు ఏమిటో చూడండి

తాళం ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా డాష్‌బోర్డు వైపు చూడండి. ఆయిల్ డబ్బా బొమ్మ, బ్యాటరీ బొమ్మ, ఇంజిన్ బొమ్మ అన్నీ వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. ఇంజిన్ బొమ్మ అసలు వెలగనే లేదంటే సంతోషపడకండి, బల్బు పోయి ఉండొచ్చు, అమ్మినవాళ్ళు పీకేసి కూడా ఉండొచ్చు. కార్బ్యురేటర్ బండ్లలో చాలావాటికి ఈ లైటే ఉండదు, అది వేరే సంగతి. మీది కార్బ్యురేటరా ఇంజెక్షనా అన్నది ముందే తేల్చుకోండి. తొంభైల నాటి యాక్టీలు (హెచ్‌ఏ3, హెచ్‌ఏ4), క్యారీలు (డీసీ51టీ, డీడీ51టీ) రెండు రకాల్లోనూ దొరుకుతాయి.

ఎర్రగా వెలిగేదాన్నీ పసుపుగా వెలిగేదాన్నీ ఒకే గాటన కట్టకండి. ఆయిల్ డబ్బా ఎర్రగా వెలిగితే వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. ఇంటిదాకా పోదాంలే అనుకుంటే ఇంజిన్ బేరింగులు పోతాయి. టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కినా అంతే, ఆపండి, వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. పసుపు ఇంజిన్ బొమ్మ స్థిరంగా వెలుగుతూ బండి మామూలుగా నడుస్తుంటే మెల్లగా ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూసుకోవచ్చు. బండి ఊగిపోతూ, మిస్ కొడుతూ, పచ్చి పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం నడపకండి.

ఎందుకంటే చాలామంది పట్టించుకోని ఇంకో లైటు ఉంది. కొన్ని బండ్లలో మూడు జపనీస్ అక్షరాలతో, బొమ్మ ఏమీ లేకుండా ఒక హెచ్చరిక లైటు ఉంటుంది. ఇంజిన్ లైటే అనుకుని వదిలేస్తారు. అది సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ విపరీతంగా వేడెక్కిందని చెప్పే లైటు. ఒక సిలిండర్ మండక పెట్రోలు పచ్చిగా బయటికి వచ్చి కన్వర్టర్లో మండితే ఇలా అవుతుంది. మన వాడకం ఎక్కువగా ఎండిన గడ్డి మీదే కదా, ఆగస్టులో కౌంటీలు బయట మంట పెట్టొద్దని నిషేధం పెట్టే రోజుల్లో ఇలాంటి బండిని మోకాలెత్తు గడ్డిలో ఆపితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఈ లైటు వెలిగితే మట్టి నేల మీదో కాంక్రీటు మీదో ఆపి, చల్లారాక ముందు ప్లగ్గులు విప్పి చూడండి. అర్థంకాని అక్షరాలకి ఫోన్లో కెమెరా అనువాదం ఉంది, తెచ్చిన రోజే డాష్‌బోర్డు మొత్తం ఫోటో తీసి ఏది ఏమిటో రాసి పెట్టుకుంటే తర్వాత కంగారు ఉండదు.

కోడ్ చదవడం

బ్యాటరీ బాగుందా లేదా ముందు చూసుకోండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకి తక్కువ ఉంటే ముందు చార్జింగ్ పెట్టండి. నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. బలహీనమైన బ్యాటరీతో లేనిపోని కోడ్లు వస్తాయి, వాటి వెంట పడితే రోజు పోతుంది.

హోండాలో ప్యాసింజర్ వైపు డాష్‌బోర్డు కింద, అంటే ఈ బండిలో ఎడమవైపు, దేనికీ తగిలించకుండా వేలాడే రెండు పిన్నుల చిన్న కనెక్టర్ ఉంటుంది, చాలావాటిలో నీలం రంగు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోక వైర్ల కట్టకి టేపుతో అతుక్కుపోయి ఉంటుంది, టార్చి వేసుకుని వెతకాలి. తాళం ఆపి, ఆ రెండు పిన్నులనీ వైరు ముక్కతో కలపండి. పేపర్ క్లిప్ కూడా పని చేస్తుంది గానీ అది జారి పక్కదానికి తగిలే అవకాశం ఉంది, రెండు చివరలా సన్నటి టెర్మినల్ కొట్టిన వైరే మేలు. ఇప్పుడు తాళం ఆన్, సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటూ లెక్క చెబుతుంది. పొడుగ్గా వెలిగితే పది, పొట్టిగా వెలిగితే ఒకటి. ఒక పొడుగు, నాలుగు పొట్టి అంటే 14. ఒకటి కంటే ఎక్కువ కోడ్లు ఉంటే ఒకదాని తర్వాత ఒకటి చూపించి మళ్ళీ మొదటికి వస్తుంది. కళ్ళతో లెక్కపెట్టే పని పెట్టుకోకండి, ఫోన్లో వీడియో తీసుకుని నింపాదిగా చూసుకోండి.

సుజుకీలో పద్ధతి అదే, తేడా ఏమిటంటే డయాగ్నోసిస్ టెర్మినల్‌ని ఎర్త్‌కి కలపాలి, లైటు ముందు మొదటి అంకె, కాస్త ఆగి రెండో అంకె చూపిస్తుంది. సుబారులో నల్ల రంగు కనెక్టర్ల జత కలిపితే దాచిపెట్టిన కోడ్లు వస్తాయి, ఆకుపచ్చ జత టెస్ట్ మోడ్ కోసం. ఏ కనెక్టర్ ఎక్కడుందో మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి డీడీ51టీ లాంటి మీ ఛాసిస్ కోడ్‌తో మాన్యువల్ దింపుకుని, అందులో బొమ్మ చూసి నిర్ధారించుకున్నాకే వైరు పెట్టండి. జపనీస్‌లో ఉన్నా ఫరవాలేదు, వైరింగ్ బొమ్మలకి భాష పెద్దగా అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే ముట్టుకోవద్దు, అది ఎయిర్‌బ్యాగ్‌ది. ఇంకా, ఇదేనేమో అని ఊహించి ఏ రెండు పిన్నులూ కలపకండి. ఫ్యూజు పోతే అదృష్టం, ఇంజిన్ కంప్యూటర్ పోతే బండి నెలల తరబడి షెడ్డులోనే.

కోడ్లు చాలావరకు ఇలా ఉంటాయి. హోండాలో 1 అంటే ఆక్సిజన్ సెన్సార్, 3 అంటే ఇంజిన్ లాగే వాక్యూమ్ కొలిచే మ్యాప్ సెన్సార్, 6 కూలెంట్ టెంపరేచర్, 7 థ్రాటిల్, 10 లోపలికి వెళ్ళే గాలి టెంపరేచర్. సుజుకీలో 12 వస్తే లోపమేమీ లేదని అర్థం (దీన్ని చూసి భయపడేవాళ్ళు ఎంతమందో), 13 ఆక్సిజన్, 14 కూలెంట్, 21 థ్రాటిల్, 42 క్రాంక్ యాంగిల్. మీ మాన్యువల్లో పట్టికతో ఒకసారి సరిచూసుకోండి.

చదవడం అయిపోగానే ఆ వైరు ముక్క తీసెయ్యండి. మరిచిపోయి అలాగే నడిపితే లైటు పోదు, కొన్ని బండ్లలో ఇగ్నిషన్ టైమింగ్ కూడా ఒకే చోట ఆగిపోయి పికప్ పోతుంది.

కోడ్ చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

అసలు విషయం ఇక్కడుంది. కొత్త కార్లలో కంప్యూటర్ ఏ సిలిండర్ మిస్ కొడుతోందో కూడా చెప్పేస్తుంది. ఈ పాత కంప్యూటర్లకి అంత తెలివి లేదు. అవి చూసేది ఒక్కటే, ఆ సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజ్ ఉండాల్సిన హద్దుల్లో ఉందా లేదా. అందుకే సుజుకీలో 14 కోడ్ వస్తే "కూలెంట్ సెన్సార్ చెడిపోయింది" అని కాదు, "కూలెంట్ సెన్సార్ దారిలో ఎక్కడో తేడా ఉంది" అని అర్థం చేసుకోవాలి. ఆ దారిలో సెన్సార్ ఉంది, దాని కనెక్టర్ ఉంది, రెండు వైర్లు ఉన్నాయి, ఎర్త్ ఉంది. పాతికేళ్ళ బండిలో వీటన్నిటిలోకీ గట్టిగా ఉండేది సెన్సారే. జనం మొదట మార్చేదీ సెన్సారే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ప్లగ్గులు అరిగిపోయి, డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తడి చేరి ఇంజిన్ మూడు సిలిండర్లలో రెండింటి మీదే నడుస్తున్నా లైటు వెలగకపోవచ్చు. లైటు లేదు కాబట్టి బండి బాగుందని అనుకోవద్దు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. క్యారీలో 14 వచ్చింది. ఇండియాలో మారుతీ ఓమ్నీ నడిపినవాళ్ళకి క్యారీ కొత్తేమీ కాదు, ఓమ్నీ పుట్టిందే పాత క్యారీ నుంచి. సీటు ఎత్తితే ఇంజిన్ కనిపించడం, ఎండాకాలం తొడల కింద సెగ తగలడం, ఇవన్నీ తెలిసిన భాగోతమే. సీటు ఎత్తి, ఇంజిన్ బాగా చల్లారాక, థర్మోస్టాట్ దగ్గర రెండు వైర్లు ఉన్న సెన్సార్ వెతకండి. ఒక్క వైరే ఉన్నది డాష్‌బోర్డు ముల్లుకి వెళ్ళేది, అది కాదు. కనెక్టర్ మీద సన్నటి తీగ క్లిప్పో, ప్లాస్టిక్ నొక్కుడో ఉంటుంది, వేడికి ఎండిపోయి పెళుసుగా ఉంటుంది కాబట్టి వైరు పట్టుకుని లాగకుండా కనెక్టర్ని పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ తీయండి. లోపల రాగి పిన్నుల మీద ఆకుపచ్చ పొర కనిపిస్తే సగం పని అయినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్నటి బ్రష్‌తో తోమండి.

తర్వాత మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి సెన్సార్ రెండు పిన్నుల మధ్య కొలవండి. ఇరవై డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు నుంచి మూడు వేల ఓమ్స్, ఎనభై డిగ్రీల దగ్గర మూడు వందల చుట్టుపక్కల రావాలి. వేడెక్కేకొద్దీ తగ్గుతూ పోవాలన్నది ముఖ్యం. సెన్సార్ విప్పి గిన్నెలో నీళ్ళలో ముంచి స్టౌ మీద వేడి చేస్తూ కొలిస్తే కళ్ళ ముందే అంకె దిగుతుంది (ఆ గిన్నె మళ్ళీ వంటింట్లో పెట్టకండి). సెన్సార్ బాగుంటే ఇక వైర్లు. కనెక్టర్ ఊడదీసి ఉండగా తాళం ఆన్ చేసి, వైర్ల వైపు రెండు పిన్నుల మధ్య వోల్టేజ్ చూడండి, సుమారు 5 వోల్టులు రావాలి. రాలేదంటే వైరు తెగింది, లేదా ఎర్త్ లేదు, లేదా కంప్యూటర్‌లోనే తేడా. ఎలుకలు కొరికాయేమో చూడండి, పొలంలో షెడ్డు అంటే వాటికి పుట్టిల్లు.

ఈ సెన్సార్ గురించే ఇంకో మాట. పిన్నుల మీద తుప్పు కొంచెమే ఉంటే రెసిస్టెన్స్ కాస్త పెరుగుతుంది, వోల్టేజ్ హద్దులు దాటదు కాబట్టి లైటు వెలగదు. కానీ కంప్యూటర్ మాత్రం ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయి, సైలెన్సర్ చివర నల్లగా మసి పడుతుంటే లైటు లేకపోయినా ఈ కనెక్టర్ ఒకసారి తీసి చూడాల్సిందే.

మిగతావి ఇంత లోతు అక్కర్లేదు. థ్రాటిల్ సెన్సార్ మూసి ఉన్నప్పుడు అర వోల్టు చుట్టూ, మెల్లగా పూర్తిగా తెరిచేసరికి నాలుగు దాకా ఎక్కాలి, మధ్యలో ఎక్కడా జారిపడకూడదు. ఆక్సిజన్ సెన్సార్ ఇంజిన్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. ఒకే చోట నిలబడితే అది పోయి ఉండొచ్చు, లేదా ముందు సైలెన్సర్ పైపు లీకై బయటి గాలి లోపలికి పోతుండొచ్చు. తుప్పు పట్టిన బండ్లలో రెండోదే నేను ముందు చూస్తాను.

ఎర్త్ వైరు, రబ్బరు పైపులు

కోడ్ ఏదైనా కానివ్వండి, ఈ రెండూ చూడకుండా పార్టుకి ఆర్డర్ పెట్టకండి. విజయవాడ ఆటోనగర్‌లో పాత మేస్త్రీ ఎవరి దగ్గరికి తీసుకెళ్ళినా ముందు చెయ్యి పెట్టేది బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్ళే ఎర్త్ మీదే. హొక్కైడో, తొహోకు లాంటి మంచు ప్రాంతాల్లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ తిరిగి వచ్చిన బండి పైకి నిగనిగలాడుతున్నా అడుగున ఎర్త్ బోల్టులు తుప్పుముద్దలై ఉంటాయి.

కొలిచే పద్ధతి సులువు. ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాను ఆన్ చేయండి. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజిన్ మీద పెయింటు లేని చోట పెట్టండి. 0.2 వోల్టులు దాటిందంటే ఎర్త్ సరిగ్గా లేదు. ఇంజిన్ బదులు బాడీ మీద పెట్టి ఇంకోసారి కొలవండి. బాగోకపోతే బ్యాటరీ విప్పి, బోల్టు తీసి, కింద ఇనుము తెల్లగా మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయండి. మొత్తం ఖర్చు దాదాపు సున్నా, ఒక్కోసారి రెండు మూడు కోడ్లు కలిసి మాయమయ్యేది ఇక్కడే.

రబ్బరు వాక్యూమ్ పైపులు పాతికేళ్ళకి గట్టిపడి, కొనల దగ్గర చీలిపోతాయి. ఐడిలింగ్‌లో ఇంజిన్ పైకీ కిందకీ ఊగుతూ, మ్యాప్ సెన్సార్ కోడో ఆక్సిజన్ కోడో వస్తే వీటి మీద అనుమానం పెట్టుకోండి. గోటితో నొక్కితే మెత్తగా దిగాలి, పగుళ్ళు కనిపిస్తే మార్చెయ్యాలి. కొందరు వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీకు కనిపెడతారు, సీటు కింద ఇంజిన్ ఉన్న బండిలో అది మంటతో చెలగాటం. సబ్బు నీళ్ళు స్ప్రే బాటిల్లో పోసి పైపుల అతుకుల మీద కొట్టండి చాలు, లీకున్న చోట ఐడిలింగ్ మారుతుంది. సిలికాన్ పైపు మీటర్ల లెక్కన దొరుకుతుంది, ఒకేసారి అన్నీ విప్పితే ఏది ఎక్కడిదో మీకే తెలియకుండా పోతుంది కాబట్టి ఒకటి తీసి, అదే కొలతకి కోసి, పెట్టి, తర్వాత రెండోది. పెట్రోలు వెళ్ళే పైపులకి మాత్రం సిలికాన్ వాడకూడదు, ఇథనాల్ తట్టుకునే ఫ్యూయల్ పైపే తీసుకోండి, ఎందుకంటే ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది, పాత రబ్బరుకి అది పడదు.

పెట్రోలు సంగతి వచ్చింది కాబట్టి: జపాన్‌లో రెగ్యులర్ 90 అని, ఇక్కడ 87 అని చూసి ప్రీమియం పోయించేవాళ్ళున్నారు. రెండు దేశాల్లో లెక్క కట్టే పద్ధతి వేరు, ఇక్కడి 87 అక్కడి లెక్కలో 91 దగ్గర ఉంటుంది. రెగ్యులరే పోయించండి. ఇథనాలే ఎక్కువగా ఉండే ఈ85 మాత్రం పొరపాటున కూడా వద్దు.

యాక్టీ ఉన్నవాళ్ళకి కూలెంట్ కోడ్ వస్తే ఇంకో అనుమానం. ఇందులో రేడియేటర్ బండి ముందు ఉంటుంది, ఇంజిన్ వెనక తొట్టి కింద ఉంటుంది, మధ్యలో అడుగు నుంచి పొడవాటి పైపులు. కూలెంట్ మార్చినప్పుడు గాలి సరిగ్గా తీయకపోతే బుడగలు ఇరుక్కుని ముల్లు పైకీ కిందకీ ఆడుతుంది. ముల్లు అలా ఆడుతుంటే సెన్సార్ జోలికి పోకుండా ముందు బ్లీడర్ బోల్టు దగ్గర గాలి తీసి, కూలెంట్ నింపి, ఆ పైపులు అడుగున ఎక్కడైనా తుప్పు పట్టి తడిగా ఉన్నాయేమో వంగి చూడండి.

పార్టులు, కోడ్ చెరపడం

ఇన్ని చూశాక కూడా సెన్సారే పోయిందని తేలితే అప్పుడు కొనండి. అమెరికన్ షాపు కంప్యూటర్లు అంకెలూ అక్షరాలూ కలిపి 17 ఉండే బండి నంబరు (విన్) అడుగుతాయి, జపాన్ బండికి అది ఉండదు. ఛాసిస్ కోడ్, దాని పక్కన సీరియల్ నంబరు, తయారైన నెల రాసుకుని జపాన్ నుంచి పంపే ఆన్‌లైన్ పార్టుల సైట్లలో వెతకండి, పాత సెన్సార్ మీద ముద్రించిన నంబరు దొరికితే ఇంకా మంచిది. డెన్సో లాంటి కంపెనీల యూనివర్సల్ ఆక్సిజన్ సెన్సార్ వైరు అతికించి వాడుకోవచ్చు, వైర్ల సంఖ్య మాత్రం కలవాలి. ఫోటో చూసి ఒకలాగే ఉందని కొనొద్దు, హెచ్‌ఏ4ది హెచ్‌ఏ7కి పట్టకపోవచ్చు.

కోడ్ చెరిపే ముందు కాగితం మీద రాసి పెట్టుకోండి. తాళం ఆపి, మాన్యువల్లో చెప్పిన బ్యాకప్ ఫ్యూజుని కాసేపు తీసి పెట్టినా, బ్యాటరీ నెగటివ్ విప్పినా మెమరీ పోతుంది. తర్వాత చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఐడిలింగ్‌లో వదిలెయ్యండి, ఆపైన ఓ అరగంట మామూలుగా నడిపి, మళ్ళీ వైరు ముక్క పెట్టి చూడండి. లైటు రాలేదని వదిలెయ్యకుండా చూడమంటున్నాను, ఎందుకంటే అప్పుడప్పుడూ వచ్చి పోయే లోపాలు లైటు ఆరిపోయినా కోడ్ దాచిపెడతాయి.

కొనేవాళ్ళు ఇదే విషయాన్ని తిరగేసి వాడుకోవచ్చు. ఓడలో వచ్చిన బండికి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది లేదా విప్పి ఉంటుంది, అంటే కంప్యూటర్ మెమరీ అప్పటికే ఖాళీ. డీలర్ యార్డులో స్టార్ట్ చేసి లైటు లేదు చూడండి అంటే అది ఏమీ చెప్పినట్టు కాదు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసి చూసి, వీలైతే కోడ్ కూడా చదివి, ఆ తర్వాతే బేరం మాట్లాడండి.

లైటు ఉంటే ఎమిషన్ టెస్ట్ ఫెయిల్ అవుతుందేమోనన్న భయం టెక్సాస్‌లో వీటికి అక్కర్లేదు. 24 ఏళ్ళు దాటిన మోడళ్ళకి ఆ టెస్టే లేదు, మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా 2025 జనవరి నుంచి తీసేశారు. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి రూలు చూసుకోండి, కాలిఫోర్నియాలో అయితే బండి కొనకముందే చూసుకోండి.

చివరిగా మెకానిక్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలన్నది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే, కూలెంట్లో నూనె తెట్టు కనిపిస్తే, కోడ్ చదివే వైరు పెట్టినా లైటు మిణకకుండా అలాగే వెలుగుతూ ఉంటే. ఈ మూడోది కంప్యూటర్ దగ్గరే తేడా ఉందనడానికి గుర్తు కావొచ్చు. తొంభైల నాటి జపాన్ కంప్యూటర్లలో కెపాసిటర్లు కారిపోవడం మామూలే, పెట్టె విప్పితే పచ్చి చేపల వాసన వస్తుంది, బోర్డు మీద జిడ్డు మరక ఉంటుంది. సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్ళైతే ఆ కెపాసిటర్లు చిల్లర ఖర్చుతో మార్చుకోవచ్చు, లేదంటే కారు మెకానిక్ కంటే ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం మేలు. మెకానిక్‌కి బండి అప్పగించేటప్పుడు మీరు తీసిన వీడియో, రాసిపెట్టిన కోడ్లు, కొలిచిన వోల్టేజ్‌లు, ఛాసిస్ కోడ్ ఉన్న మాన్యువల్ ఫైలు ఆయన ఫోన్‌కి పంపండి. కుడివైపు స్టీరింగ్ చూసి వద్దనేవాళ్ళు కూడా ఇవి చేతికిస్తే బండి లోపలికి తీసుకుంటారు.